చేపల చదువు

గంగారత్నం ఫోన్ మోగిందంటే అది గంగారత్నం కోసం కాదు.

ఆ సోమవారం పొద్దున కూడా అంతే. నానబెట్టిన పొట్టు మినప్పప్పును సింకు దగ్గర నిలబడి కడుగుతోంది. పొట్టు పైకి తేలుతోంది, ఆ నీళ్ళు వంచేస్తోంది, మళ్ళీ నీళ్ళు పోస్తోంది. చేతులు మోచేతుల దాకా తడి. గూట్లో పెట్టిన ఫోన్ టింగుమని ఒకసారి మోగి ఊరుకుంది. ఆ వెంటనే గట్టిగా మోగడం మొదలుపెట్టింది.

"నంబరొచ్చిందా?" అన్నాడు సత్యం, ఆటోనగర్‌లోని తన స్పేర్ పార్టుల కొట్టులోంచి. వెనక ఎవరో లారీ రేకు మీద సుత్తితో కొడుతున్న చప్పుడు.

"చేతులు తడిగా ఉన్నాయండి, ఒక్క నిమిషం."

"తుడుచుకుని చదువు. టైమైపోద్ది."

కొంగుకు వేళ్ళు తుడుచుకుని చదివింది. నాలుగు, తొమ్మిది, సున్నా, రెండు, రెండు, ఏడు. అవతల ఫోన్ పెట్టేశాడు. అది దేనికి వచ్చిన నంబరో ఆమె అడగలేదు. మొదట్లో ఒకసారి అడిగింది. "నీకెందుకవన్నీ? చదివి చెప్పడమేగా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఆ మాట అంత బాగా గుర్తుండిపోయింది.

కొట్టు ఫోన్ ఎప్పుడూ బిజీగా ఉంటుందని సత్యం అన్నిచోట్లా భార్య నంబరే ఇచ్చాడు. గ్యాసు బండకి, కరెంటుకి, అత్తగారి పింఛనుకి, కూతురి కాలేజీకి. అవన్నీ తూములోంచి నీళ్ళు పోయినట్టు ఆమె చేతి మీదుగా పోతుంటాయి. ఏ చేనికి పోతున్నాయో తూముకి ఎవరు చెబుతారు?

ఆమెకు నలభై మూడేళ్ళు. పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది. పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. తండ్రి రామాంజనేయులు కొల్లేట్లో వల వేసి బతికిన మనిషి, ఆ తరవాత ఎవరివో చేపల చెరువులకు కాపలా ఉన్నాడు. నాలుగేళ్ళు పిల్లలు లేక గంగమ్మకు మొక్కుకుంటే పుట్టిందని గంగారత్నం అని పేరు పెట్టుకున్నాడు. వల తీసినా, దోనె ఎక్కినా ముందు ఆ తల్లికి దండం పెట్టందే కదిలేవాడు కాదు.

ఈ కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో, ఎదురింటావిడ పేరడిగితే పూర్తిగానే చెప్పింది. ఆ సాయంత్రం సత్యం నెమ్మదిగా అన్నాడు, "రత్నం అని చెప్పు, చాలు. ముందర ఆ గంగ ఎందుకు? మనం ఎక్కడోళ్ళమో ఇట్టే పట్టేస్తారు." అప్పట్నించీ ఆమె రత్నం. పేరులో సగం తెంపేస్తే నొప్పి తెలియదు, గోరు తీసినట్టే ఉంటుంది. కాని ఎవరైనా "రత్నంగారూ" అని పిలిచినప్పుడు, ఒక్క క్షణం ఆగి, అది తననే అని గుర్తు చేసుకుని పలకడం ఈ రోజుకీ పోలేదు.

ఆ ఇంట్లో చేపలు వండి పద్నాలుగేళ్ళయింది. అత్తగారు హనుమాయమ్మ ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని, తెల్లారగట్ల ప్యాసింజరు బండెక్కి, బెజవాడ వీధుల్లో చేపలమ్మిన మనిషే. ఆ గంప మీదే కొడుకుని చదివించింది. ఇప్పుడు మెడలో తులసిపూసలు వేసుకుంటుంది, శనివారాలు ఒంటిపూట ఉంటుంది. "మీ లంక వాసన నా ఇంట్లోంచి పోడానికి పదేళ్ళు పట్టింది" అని కోడల్ని నవ్వుతూ దెప్పుతుంది. అయితే గంగారత్నం ఒకటి గమనించింది, ఎవరికీ చెప్పలేదు. కూరల బండి దగ్గర వంకాయ తీసుకుంటే ఆ ముసలామె బొటనవేలితో ఒకసారి ఒత్తి, తొడిమ కింద తొడుగు ఎత్తి చూస్తుంది. సరిగ్గా చేప మొప్ప ఎత్తి చూసినట్టు. మనసు మర్చిపోయినా వేళ్ళు మర్చిపోవు కాబోలు.

ఆ సోమవారం సాయంత్రం ధనశ్రీ కాలేజీ నించి ఒక కాగితం పట్టుకొచ్చింది. ధనశ్రీ వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల. డాక్టరు సీటు రాకపోతే జువాలజీ డిగ్రీలో చేరి ఆర్నెల్లయింది. బుధవారం తల్లిదండ్రుల మీటింగు, మైనర్ తీసుకోవడం గురించి.

"మైనరా?" అంది హనుమాయమ్మ మంచం మీద లేచి కూచుని. "మొన్నేగా నీకు పద్దెనిమిది నిండింది. ఇంకా మైనరంటారేంటే? ఏవన్నా కేసా?"

"నాన్నమ్మా, అది కాదు. మెయిన్ సబ్జెక్టు జువాలజీ, అది మేజరు. దానికి తోడుగా ఇంకో సబ్జెక్టు తీసుకోవాలి. అది మైనరు."

"మరి అట్టా చెప్పు. ఆ పేరేంటి దిక్కుమాలిన పేరు."

"నాకు ఖాళీ లేదు" అన్నాడు సత్యం చెప్పులు విప్పుతూ. "రత్నం, నువ్వెళ్ళు. వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టి వచ్చెయ్. అక్కడేం మాట్లాడకు."

మాట్లాడతానని ఆమె ఎప్పుడంది? గిన్నెలు సర్దుతూ ఆ మాటే అనుకుంది గంగారత్నం. పద్దెనిమిది నిండాక ఎవరూ మైనర్లు కాదంటారు. నిండిన తరవాత మైనర్లయ్యేవాళ్ళని ఏమంటారో ఆ పిల్లనడిగితే చెబుతుందేమో. అడగలేదు. ఇలాంటివి ఆమెకు చాలా తోస్తాయి. పొయ్యి దగ్గర పుట్టి, పొయ్యి కట్టేసేసరికి పోతాయి. వినేవాళ్ళు లేని ఇంట్లో మాటలు కూడా ఎక్కువసేపు బతకవు.

బుధవారం ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. కాలేజీ మేడ మీద హాలు, వరసగా కుర్చీలు. వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది తల్లులే. గుమ్మం దగ్గర పుస్తకంలో 'రత్నం' అని సంతకం పెట్టి, చివరి వరసలో గోడవార కూచుంది. ముందు వరసల్లో పిల్లలు. ధనశ్రీ ఒకసారి వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

నాగమల్లేశ్వరి అనే లెక్చరరు లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది, గొంతు మాత్రం పెద్దది. "అమ్మా, తేలిగ్గా చెప్తా వినండి. మేజరంటే అన్నం అనుకోండి. మైనరంటే కూర. అన్నం లేకపోతే కడుపు నిండదు. కాని ఉత్తన్నం ఎన్నాళ్ళు తింటారు? అన్నం అందరిళ్ళల్లో ఒకటే. కూర మాత్రం ఎవరి నోటికి ఏది బాగుంటే అది. అందుకని మైనరు మీ పిల్లల్ని ఎంచుకోనివ్వండి. మీరు ఎంచకండి."

తల్లులు నవ్వారు. గంగారత్నం కూడా నవ్వింది. నవ్వాక, ఆ మాట గొంతులో ముల్లులా ఆగిపోయింది. తన నోటికి ఏది బాగుంటుంది? గుర్తు చేసుకోవాలని చూసింది. ఆయనకు గుత్తివంకాయ ఇష్టం, అత్తయ్యకు మెత్తటి పప్పు, పిల్లకు బంగాళాదుంప వేపుడు. తనకు? ఇరవై రెండేళ్ళుగా మూడు పూటలా వండిన మనిషి తనకేది ఇష్టమో చెప్పలేక, ఆ చల్లటి హాల్లో గోడవార కుర్చీలో కూచుంది. ఆఖరికి గుర్తొచ్చింది. పరిగెల పులుసు. చింతకాయ వేసి, మట్టి దాకలో, అమ్మ కాచిన చిన్న పరిగె చేపల పులుసు. గుర్తురాగానే ఎవరైనా చూశారేమోనని చీర కొంగు సర్దుకుంది.

ఒక్కో సబ్జెక్టు గురించి ఒక్కొక్కరు చెప్పారు. కంప్యూటర్ అప్లికేషన్స్ అయింది, కెమిస్ట్రీ అయింది. ఆక్వాకల్చర్ గురించి చెప్పడానికి నాగమల్లేశ్వరే మళ్ళీ లేచింది. తెర మీద ఒక బొమ్మ వేసింది. తెల్లారే వేళ, ఒక చెరువు. నీళ్ళ నిండా చేపల మూతులు. వందల మూతులు, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచినట్టు.

"ఇదేంటో చెప్పండి. ఎందుకిలా పైకొచ్చాయి?"

"ఆకలేసి మేడమ్" అంది ముందు వరసలో ఒక పిల్ల.

"వానొచ్చేముందు వస్తాయంట మేడమ్."

"గాలందక."

ఆ మాట అన్నది ఎవరా అని గంగారత్నం కూడా చూడబోయింది. అన్నది తనే. హాలంతా వెనక్కి తిరిగింది.

"ఏమన్నారండీ? గట్టిగా చెప్పండి."

లేచి నిలబడింది. మాట దానంతటదే వస్తోంది. "పగలంతా మబ్బేసి, రాత్రి గాలి స్తంభిస్తే, తెల్లారేసరికి నీళ్ళల్లో గాలి అయిపోద్దండి. నీళ్ళల్లోనే ఉంటాయి, ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ముందు బొచ్చెలు తేల్తాయి, తరవాత శీలావతులు. కొర్రమీను మాత్రం తట్టుకుంటది."

"అప్పుడేం చెయ్యాలి?"

"దోనె దింపి తెడ్డుతో నీళ్ళు చిలకాలండి. ఇంజనుంటే ఎత్తి పొయ్యాలి. ఆ పూట మేత వెయ్యకూడదు."

నాగమల్లేశ్వరి రెండడుగులు ముందుకొచ్చింది. ముఖమంతా నవ్వు. "నేను పాఠంలో గంటసేపు చెప్పేది ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేశారు. మీకెలా తెలుసండీ ఇదంతా?"

అన్ని తలలూ ఆమెవైపే ఉన్నాయి. పక్క కుర్చీ ఆవిడ ఆసక్తిగా మెడ చాచింది. రెండిళ్ళవతల ఉండే సంపూర్ణమ్మగారు మూడో వరసలో కనిపించింది. 'అక్కడేం మాట్లాడకు' అన్న మాట చెవిలో వినిపించింది. ధనశ్రీ ముఖం వంక చూసే ధైర్యం లేకపోయింది.

"ఎక్కడో విన్నానండి" అంది గంగారత్నం, కూచుంటూ.

తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. బెంజి సర్కిల్ దాటేదాకా ధనశ్రీ కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది. పిల్లకు తలవంపులైంది కాబోలు అనుకుంది తల్లి. ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామనుకుని, "ఊరికే నోరు జారానే" అంది.

"ఎక్కడో విన్నానన్నావేంటమ్మా?" ధనశ్రీ ఇటు తిరగలేదు. "మా నాన్న దగ్గర నేర్చుకున్నానని చెప్పొచ్చుగా."

గంగారత్నం ఒళ్ళో సంచి సర్దుకుంది.

"నాకు గుర్తుందమ్మా. నాకు ఏడేళ్ళప్పుడు తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని గట్టు మీదికి తీసుకెళ్ళాడు. చేపలు అట్టాగే నోళ్ళు తెరుస్తున్నాయి. అవి మాట్లాడుతున్నాయా తాతయ్యా అనడిగా. 'మాట్లాడట్లేదమ్మా, అడుగుతున్నాయి' అన్నాడు. నేను ఆక్వానే తీసుకుంటా. జువాలజీ ఒక్కటే చదివితే ఎవరిస్తారు ఉద్యోగం? అది తోడుంటే కైకలూరులో, భీమవరంలో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులున్నాయి, చేపపిల్లల్ని పుట్టించే హేచరీలున్నాయి. ఉద్యోగం సంగతి పక్కన పెట్టు, నాకదే ఇష్టం."

"నాన్న ఒప్పుకోరే."

"నాన్న సంగతి సరే. నువ్వు?"

అప్పుడే కండక్టరు వచ్చి టికెట్లన్నాడు. గంగారత్నం ఆడవాళ్ళ ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు వెతకడంలో పడింది. ఆ సందడిలో ఆ ప్రశ్న జారిపోయిందని ఆమెకు ఊరట కలిగింది. దిగాక, ఇంటికి నడుస్తుంటే ఆ ఊరటకే సిగ్గేసింది.

ఆమె తండ్రి పోయి ఎనిమిదేళ్ళు. ఆయన చెయ్యి పట్టుకుని గట్టు మీద నడిచిన రోజుల్లో ఆమె చేతిలో కూడా ఒక చిన్న తెడ్డు ఉండేది. మబ్బు పట్టిన రోజున ఆయన తెల్లారగట్లే లేపేవాడు. "గంగా, లే తల్లీ, చేపలు అడుగుతున్నాయి." ఇద్దరూ దోనె ఎక్కి నీళ్ళు చిలికేవాళ్ళు. తెడ్డు దెబ్బకు నురగ లేచేది. కాసేపటికి ఒక్కో మూతీ నీళ్ళలోకి దిగిపోయేది. అప్పుడాయన తెడ్డు పక్కన పెట్టి, కూతురి వంక చూసి, "బతికించావే" అనేవాడు. అన్నది ఆయనే, బతికించింది ఆయనే, పేరు మాత్రం కూతురికి ఇచ్చేవాడు. అలాంటి మనిషిని వందమంది ముందు నిలబెట్టి, ఈయన నాకెవరో తెలియదు అన్నట్టు 'ఎక్కడో విన్నానండి' అనేసింది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఒక మేడమ్ ఇష్టంగా అడిగింది, అంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ధనశ్రీ సూటిగానే చెప్పింది. సత్యం ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"చేపల చదువా?"

"ఆక్వాకల్చర్ నాన్నా."

"పేరేదైతే ఏంటి? నీళ్ళల్లో ఉండేది చేపేగా." కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారింది. "నీకు తెలీదమ్మా. బళ్ళో నా బెంచీ మీద ఎవడూ కూచునేవాడు కాదు. 'చేపల సత్యంగాడొచ్చాడు కిటికీ తియ్యండ్రా' అనేవాళ్ళు. పొద్దున్నే సున్నిపిండి పెట్టి రుద్దుకుని, సబ్బు పెట్టి రుద్దుకుని పోయేవాణ్ణి. పోయేది కాదు. అసలు వాసన ఉందో లేదో, వాళ్ళ నోళ్ళల్లో ఉండేది. అందులోంచి బయటపడటానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. రేపు సంబంధం చూడ్డానికొచ్చినోళ్ళు పిల్ల ఏం చదివిందంటే చేపల చదువని చెప్పనా?"

"గంప దించేసరికి నా మెడ వంగిపోయిందే తల్లీ" అంది హనుమాయమ్మ. "మళ్ళీ నువ్వెత్తుకుంటానంటావేంటి?"

"గంపెత్తుకోవడం కాదు నాన్నమ్మా. అమ్మా, నువ్వు చెప్పు. మేడమ్ నిన్ను ఎంత మెచ్చుకుందో చెప్పు."

"మీ అమ్మకేం తెలుసు?" అన్నాడు సత్యం, ఆమె వంక చూడకుండానే.

కూతురు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. గంగారత్నానికి ఆయన నొప్పి తెలుసు. చిన్న పిల్లాడు చర్మం ఎర్రబడేదాకా రుద్దుకోవడం ఆమె కళ్ళకు కనబడింది. ఆయన బాధ తనకు ఇంత బాగా తెలిసినప్పుడు, తనకేం తెలుసన్నది ఆయనకు ఒక్కటీ తెలియకపోవడం ఎలా జరిగింది? నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది.

"కాస్త పెరుగు వెయ్యనా అండీ?" అంది.

ధనశ్రీ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

"కంప్యూటర్స్ పెడదాం" అన్నాడు సత్యం, పెరుగు కలుపుకుంటూ. "శుక్రవారం ఆఖరి రోజంటగా, అయిదింటి దాకా. దాని రోల్ నంబరూ పాస్‌వర్డూ నా దగ్గరున్నాయి. కొట్లోంచే నేను పెట్టేస్తాలే."

గురువారమంతా ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తండ్రితో మాట్లాడకపోతే అది అలక. తల్లితో మాట్లాడకపోతే ఏమంటారో గంగారత్నానికి తెలియలేదు. శుక్రవారం పొద్దున్నే పెట్టిన ఇడ్లీలు పెట్టినట్టే ఉన్నాయి. గుమ్మం దగ్గర రోజూ వినిపించే 'వెళ్ళొస్తానమ్మా' కూడా లేదు. గేటు పడిన చప్పుడు మాత్రం వినిపించింది. నలుగురున్న ఇంట్లో తన వైపున్న ఒక్క మనిషి కూడా తలుపేసుకుని వెళ్ళిపోయినట్టైంది ఆమెకు.

తలస్నానం చేసి దీపం పెట్టింది. దేవుడి గూట్లో కనకదుర్గమ్మ, వెంకటేశ్వరస్వామి, సత్యనారాయణస్వామి. వాళ్ళ వెనక, గోడకు ఆనించి, నాన్న ఇచ్చిన గంగమ్మ పటం. ఎవరైనా వస్తే కనబడకుండా వెనక పెట్టింది తనే. చెయ్యి పెట్టి ముందుకు తీసింది. పసుపు మరకలతో, అంచులు చెమ్మకు ఉబ్బి ఉంది. బొట్టు పెట్టింది. దణ్ణం పెట్టుకుంటే రోజూ వచ్చే శ్లోకం రాలేదు. తల్లీ, అనుకుంది, భర్త మాట కాదనకూడదని పెద్దలు చెప్పారు, నేను కాదనలేదు. తండ్రిని కాదనమని మాత్రం ఎవరూ చెప్పలేదు కదా. మరి అది ఎందుకు చేశాను? నీ పేరు సగం తెంపి ఇమ్మంటే ఇచ్చేశాను. నువ్వేమీ అనలేదు. నీకు కోపం రాలేదా, లేక నువ్వూ నాలాగే ఊరుకున్నావా?

అమ్మవారు ఏమీ చెప్పలేదు. దీపం నిలకడగా వెలుగుతోంది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

పదకొండున్నరకు హనుమాయమ్మ వంకాయల పళ్ళెం ముందేసుకుని కూచుంది. ఒక్కోటీ ఒత్తి, తొడుగు ఎత్తి, పుచ్చు చూసి పక్కన పెడుతోంది. గంగారత్నం కత్తిపీట ముందు కూచుని కోస్తోంది. ఫోన్ టింగుమంది. వెంటనే మోగింది.

"నంబరొచ్చిందా?" సత్యం గొంతు. సుత్తి చప్పుడు.

"వచ్చినట్టుందండి."

"చదువు."

చేతులు పొడిగానే ఉన్నాయి. ఫోన్ చెవి దగ్గర నించి తీసి మెసేజి తెరిచింది. ఎప్పుడూ ఆమె కళ్ళు తిన్నగా అంకెల దగ్గరికే పరుగెత్తేవి. ఈసారి మొదటి మాట దగ్గర ఆగాయి. ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి చదువుకు అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. మొదటి మాట డియర్. రెండోది గంగారత్నం.

గంగారత్నం. పూర్తిగా. కాలేజీలో చేర్చినప్పుడు ఆధార్ కార్డు చూసి రాసుకుని ఉంటారు. నాన్న పోయాక ఆ పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. ఒక యంత్రం పిలిచింది.

"ఏం చేస్తున్నావ్? చదువు. పది నిమిషాలే ఉంటది."

"చదువుతున్నానండి."

మెల్లిగా ముందుకు పోయింది. మీ కుమార్తె ధనశ్రీ. మైనర్: కంప్యూటర్ అప్లికేషన్స్. తల్లి సమ్మతి కోసం ఈ అంకెలు. సమ్మతి అన్న చోట మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది. ఆమె సమ్మతి. ఇన్నాళ్ళూ ఆమె గ్యాసుకీ కరెంటుకీ అంకెలు చెబుతున్నాననుకుంది. చెప్పింది సమ్మతి. అడిగినవాళ్ళకల్లా, తడి చేతులతో, దేనికో తెలియకుండా ఒప్పుకుంటూ వచ్చింది. ఆరంకెల కింద ఇంకో చిన్న వాక్యం ఉంది. దాన్ని కూడా చదివింది. రెండుసార్లు చదివింది.

కిటికీ బయట మబ్బు పట్టి ఉంది. కొమ్మ కదలడం లేదు.

"రత్నం?"

"నంబరొచ్చిందండి" అంది. బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. "ఎవరికీ చెప్పొద్దని ఉంది."

సుత్తి చప్పుడు ఆగిపోయింది. లేక ఆయన కొట్టు వెనక్కి నడిచాడేమో.

"ఏంటీ?"

"ఇది ఎవరికీ చెప్పవద్దని రాశారండి."

"ఓసి పిచ్చిదానా, అది అందరికీ రాస్తారే. నేను ఎవరో అయ్యానా నీకు?"

"మీరు కంప్యూటర్స్ పెట్టారు. నా సమ్మతి అడిగారు ఇందులో. పిల్ల నాలుగింటికి వస్తుంది. అయిదింటి దాకా టైముందన్నారుగా. అది తనకి కావలసింది పెట్టుకున్నాక ఇంకో నంబరు వస్తుంది. ఆ నంబరు దానికి చెప్తాను."

హనుమాయమ్మ చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. బొటనవేలు తొడుగు కింద ఆగింది. కోడలి ముఖం కేసి చూస్తోంది. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో కొత్త.

"సాయంత్రం ఇంటికొచ్చాక చెప్తా నీ సంగతి" అన్నాడు సత్యం. అన్నాక ఫోన్ పెట్టెయ్యలేదు. రోజూ పెట్టేసేవాడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అరుపులుంటాయి, తినకుండా లేచిపోవడం ఉంటుంది, వారం రోజుల మౌనం ఉంటుంది. మౌనం ఆమెకు కొత్త కాదు. అందులోనే ఇరవై రెండేళ్ళు ఉంది.

ఆయన మళ్ళీ మాట్లాడినప్పుడు అందులో కోపం కంటే వింతే ఎక్కువగా ఉంది. "అసలు ఇదంతా నీకెవరు చెప్పారే?"

ఎక్కడో విన్నానండి, అని నాలుక చివరి దాకా వచ్చింది. అలవాటు. గంగారత్నం దాన్ని మింగేసింది.

"ఎవరూ చెప్పలేదండి. వచ్చిన ప్రతిసారీ కింద ఇదే ఉంది. నేనే ఇన్నాళ్ళూ చివరిదాకా చదవలేదు."